ఐదుగురం కలిసి ఇంటి అప్పు ముందే తీర్చాలనుకున్నాం, మధ్యలో ఊపు తగ్గింది: ఏం చేయాలి?

ప్రశ్న: నిజాంపేట వాసి, హైదరాబాద్

మిత్రులందరికీ నమస్కారం. 2021లో ఒకే అపార్ట్‌మెంటులో ఫ్లాట్లు కొనుక్కున్న ఐదు కుటుంబాల వాళ్ళం, ఇరవై ఏళ్ళ గృహరుణాన్ని పది పన్నెండేళ్ళలో తీర్చేయాలని ఒక మాట అనుకున్నాము. అలా అనుకోవడానికి బలమైన కారణమే ఉంది. మేము అప్పు తీసుకున్న నాటికి రెపో రేటు (రిజర్వు బ్యాంకు మిగతా బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 4 శాతం, మా వడ్డీ 6.75 శాతం, నలభై లక్షల అప్పుకు నెల వాయిదా సుమారు 30,400 రూపాయలు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రెపో రేటు 6.50 శాతానికి ఎగబాకడంతో మా వడ్డీ 9.25 శాతమైంది. బ్యాంకు వాయిదా మొత్తాన్ని కదపకుండా గడువును పెంచుతూ పోయింది. స్టేట్‌మెంటు తీసి చూస్తే, ముప్ఫై ఎనిమిది లక్షల బాకీ మీద మేము కడుతున్న 30,400లో అసలుకు జమ అవుతున్నది వెయ్యి రూపాయల పైచిలుకు మాత్రమే, మిగతాదంతా వడ్డీకే పోతోంది. అది చూశాక ఐదుగురికీ నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం కలుసుకుని, ఎవరు ఎంత అదనంగా కట్టారో, ఎవరి బాకీ ఎంతకు దిగిందో చెప్పుకోవడం మొదలుపెట్టాము. కొంతకాలం బ్రహ్మాండంగా సాగింది. ఆ తర్వాత ఒకాయన కంపెనీ షేర్లు అమ్మి ఒకేసారి ఎనిమిది లక్షలు కట్టేశారు. మరొకాయన ఇద్దరు పిల్లల బడి ఫీజులతో సతమతమవుతూ రావడమే మానేశారు. ఇంకొకరి ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చిపడింది. ఇప్పుడు మా వాట్సాప్ గ్రూపులో పండుగ శుభాకాంక్షలు తప్ప అంకెలు కనిపించడం లేదు. నాకు కూడా, ఎదుటివారి బాకీ చూసినప్పుడల్లా నేను కట్టే ఐదు వేలూ పది వేలూ లెక్కలోకి రానివిగా తోస్తున్నాయి. దానికి తోడు 2025లో వడ్డీ రేట్లు తగ్గడంతో అప్పటి కంగారు కూడా పోయింది.

నా ప్రశ్న ఒక్కటే. ఇలాంటి దీర్ఘకాలపు పనిని నలుగురితో కలిసి చేస్తున్నప్పుడు పట్టుదల సడలకుండా చూసుకోవడం ఎలా? అప్పు తీర్చాలా, ఆ డబ్బు మ్యూచువల్ ఫండ్లలో పెట్టాలా అన్న చర్చ దయచేసి ఇక్కడ మొదలుపెట్టవద్దని మనవి.

జవాబు: విశ్రాంత బ్యాంకు అధికారి, విజయవాడ

నిజాంపేట వాసి గారూ, మీ బృందంలో లోపం మనుషులలో లేదు, మీరు ఎంచుకున్న కొలతలో ఉంది. మిగిలిన బాకీని పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఎక్కువ జీతం వచ్చేవారే ఎప్పుడూ ముందుంటారు, తక్కువ వచ్చేవారు ప్రతి నెలా ఓడిపోయినట్టే ఉంటుంది. ఓడిపోతామని తెలిసిన ఆటకు ఎవరు మాత్రం ఎన్నాళ్ళు వస్తారు? బాకీకి బదులు మిగిలిన వాయిదాల సంఖ్యను లెక్కపెట్టండి. గడువులో ఎన్ని నెలలు తెగిపోయాయన్నది అప్పు చిన్నదైనా పెద్దదైనా అందరికీ ఒకే రకంగా అర్థమయ్యే అంకె. దానికోసం మీరు లెక్కలు కట్టుకోనవసరం కూడా లేదు. 2023 ఆగస్టు 18న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇప్పటివరకు వసూలైన అసలు, వడ్డీ ఎంతో, ఇంకా ఎన్ని వాయిదాలు మిగిలి ఉన్నాయో చూపించే పత్రాన్ని బ్యాంకులు ప్రతి మూడు నెలలకు రుణగ్రహీతకు అందుబాటులో ఉంచాలి. రేటు మారినప్పుడు వాయిదా పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా అని మిమ్మల్ని అడగాలన్న నియమం కూడా అందులోనే ఉంది. ఆ రోజుల్లో మీకు జరిగినట్టు గడువు చడీచప్పుడు లేకుండా పెరిగిపోతున్నదన్న ఫిర్యాదుల వల్లనే అది వచ్చింది.

కొత్తగా అప్పు తీసుకున్నవారికి కూడా పనికివస్తుంది కనుక ఒక లెక్క చెబుతాను. నలభై లక్షలు, 8.5 శాతం, ఇరవై ఏళ్ళు అనుకుంటే వాయిదా 34,713 రూపాయలు. మొదటి ఏడాది చివర రెండు లక్షలు అదనంగా కడితే గడువులో దాదాపు ఇరవై ఆరు నెలలు తెగిపోతాయి. అవే రెండు లక్షలు పదిహేనో ఏడాది చివర కడితే తెగేవి ఎనిమిది, తొమ్మిది నెలలే. ఏటా ఒకే ఒక్క అదనపు వాయిదా కట్టినవారికి మూడేళ్ళకు పైగా గడువు తగ్గుతుంది. జీతం పెరిగినప్పుడల్లా వాయిదాను ఏటా 5 శాతం పెంచుకుంటూ పోయినవారి అప్పు పన్నెండేళ్ళు దాటీదాటకముందే తీరిపోతుంది. ఎనిమిది లక్షలు ఒకేసారి కట్టిన మీ మిత్రునిది మంచి పనే, కానీ చప్పుడు చేయకుండా ఏటా వాయిదా పెంచుకుంటున్నవారు ఎవరైనా మీలో ఉంటే వారు అంతకు ఏమీ తీసిపోరు. మీ ఆదివారం లెక్కలో అలాంటివారు కనబడకుండా పోతున్నారు.

రేట్లు తగ్గాయి కనుక కంగారు పోయిందన్నారు. నిజానికి ఈ సమయమే మీకు అనుకూలం. 2025 ఫిబ్రవరిలో మొదలై డిసెంబరు నాటికి రెపో రేటు 6.50 నుంచి 5.25కి దిగింది. రెపోతో ముడిపడిన రుణమైతే ఆ తగ్గింపు కనీసం మూడు నెలలకొకసారి మీ ఖాతాకు అందాలి. అప్పుడు వాయిదా తగ్గించమని అడగకుండా పాత మొత్తాన్నే కొనసాగిస్తే, జేబులోంచి ఒక్క రూపాయి కొత్తగా తీయకుండానే నెలనెలా ముందస్తు చెల్లింపు జరిగిపోతున్నట్టు లెక్క. అలాగే పాత ఖాతాదారులకు రెపో మీద వేసే అదనపు శాతం కొత్తవారికంటే ఎక్కువగా ఉండటం మామూలే. కొద్దిపాటి రుసుముతో దాన్ని తగ్గించే సదుపాయం చాలా బ్యాంకుల్లో ఉన్నా, అడగనివారికి ఎవరూ ఇవ్వరు. మీ ఐదుగురూ ఒక ఆదివారం స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని ఎవరి శాతం ఎంతో సరిచూసుకుంటే, కట్టడానికి డబ్బు లేని నెలలో కూడా సమావేశానికి ఒక ప్రయోజనం ఉంటుంది. వ్యక్తులు సొంత అవసరానికి తీసుకున్న, వడ్డీ మారుతూ ఉండే గృహరుణానికి ముందస్తు చెల్లింపు మీద జరిమానా లేదన్నది మీకు తెలిసే ఉంటుంది. డబ్బు కట్టిన ప్రతిసారీ వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించమని రాతపూర్వకంగా కోరడం మాత్రం మరిచిపోవద్దు.

జవాబు: ఉపాధ్యాయిని, తెనాలి

పెద్దలు చెప్పిన లెక్కతో నేను ఏకీభవిస్తున్నాను. అయితే నెలల సంఖ్యలో కూడా పోటీ మొదలు కాదన్న నమ్మకం నాకు లేదు. మా అమ్మ పొదుపు సంఘంలో సభ్యురాలు కావడం వల్ల ఆ పద్ధతి నాకు దగ్గరగా తెలుసు. 1990ల తొలినాళ్ళలో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత, అదే జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు రోజుకు ఒక రూపాయి చొప్పున పొదుపు చేయడంతో ప్రారంభమయ్యాయి. అందులో నాకు నచ్చిన తెలివి ఏమిటంటే, కలిగినవారు ఐదు రూపాయలు, లేనివారు అర్ధరూపాయి అని కాకుండా అందరిదీ ఒకే మొత్తం, అదీ అందరిలోకి తక్కువ సంపాదన ఉన్న మనిషి కూడా ఇవ్వగలిగిన మొత్తం. అందువల్ల సమావేశంలో పుస్తకం తెరిచినప్పుడు ఎవరూ తల దించుకోవలసిన పని లేదు. వాయిదా తప్పినవారిని మిగతావారు వెళ్ళి పలకరించేవారు, ఎందుకు తప్పిందో కనుక్కునేవారు.

మీరు కూడా అలాగే ఐదుగురికీ సాధ్యమయ్యే ఒక చిన్న మొత్తాన్ని, ఉదాహరణకు నెలకు రెండు వేలు, బృందం తరఫున నిర్ణయించుకుని ఒకే తేదీన కట్టండి. గ్రూపులో చెప్పుకోవలసినది ఆ రెండు వేల గురించి మాత్రమే. అంతకు మించి ఎవరు ఎంత కట్టినా అది వారి ఇంటి విషయం. రెండు వేలతో ఏమవుతుందని అనుకునేవారి కోసం పైన ఇచ్చిన లెక్కనే పొడిగించి చూశాను. మొదటి నెల నుంచి నెలకు రెండు వేలు అదనంగా కడితే ఇరవై ఏళ్ళ గడువులో దాదాపు రెండున్నరేళ్ళు తగ్గుతున్నాయి. మీ బ్యాంకు అంత చిన్న మొత్తాన్ని ముందస్తు చెల్లింపుగా తీసుకోనంటే, ఆర్నెల్లు రికరింగ్ డిపాజిట్‌లో వేసి ఒకేసారి కట్టండి.

మా స్టాఫ్‌రూములో మరో పద్ధతి నడుస్తోంది. కొందరు కలిసి రిజిస్టరైన కంపెనీలో చీటీ వేసి, పాడుకున్న డబ్బు అప్పుకు జమ చేస్తున్నారు. నెలనెలా కట్టక తప్పదు కనుక క్రమశిక్షణ వస్తుందన్నది నిజమే. కానీ మొదటి నెలల్లోనే భారీగా తగ్గించి పాడుకుని, ఆ డబ్బుతో ఎనిమిది శాతం అప్పు తీర్చడంలో నాకు అర్థం కనిపించదు. పాటలో వదులుకున్నదీ, నిర్వాహకుడి కమిషనూ (2019 సవరణ తర్వాత చట్టప్రకారం 7 శాతం దాకా ఉండవచ్చు) కలిపితే, మిగిలే వడ్డీకంటే పోయేదే ఎక్కువ కావచ్చు. చివరి దాకా ఆగి తీసుకునే ఓపిక ఉన్నవారికైతే అభ్యంతరం లేదు. మా వరకు డీఏ బకాయిలు వచ్చినప్పుడు అందులో సగం అప్పుకు, సగం ఇంటికి అని ముందే అనుకుంటాము. మొత్తం అప్పుకే వేద్దామంటే ఇంట్లో వాళ్ళ ముఖాలు చూడలేము, ఇంట్లో వాళ్ళ సహకారం లేకుండా పన్నెండేళ్ళ పని ఎవరికీ సాగదు.

జవాబు: డాలస్ తెలుగు

వద్దన్న చర్చలోకి వెళ్ళను కానీ దాని అంచు దాకా వెళ్ళకుండా నా మాట చెప్పలేను, మన్నించండి. ఇక్కడ మేము కొందరు తెలుగువాళ్ళం ఇలాగే కలిసి మొదలుపెట్టి విడిపోయాము. కారణం బద్ధకం కాదు. అమెరికాలో గృహరుణం సాధారణంగా ముప్ఫై ఏళ్ళకు, మారని వడ్డీతో ఉంటుంది. 2020, 2021లలో కొన్నవారికి మూడు శాతం చుట్టుపక్కల దొరికింది. 2023 అక్టోబరులో కొన్నవారికి సగటు 7.79 శాతం దాకా వెళ్ళింది. మూడు శాతం అప్పు ఉన్నవారికి ఎక్కువ వడ్డీ ఇచ్చే ఆన్‌లైన్ పొదుపు ఖాతాల్లోనే అంతకంటే ఎక్కువ వస్తున్న రోజుల్లో, ముందుగా తీర్చాలన్న ఉత్సాహం ఎంత ప్రోత్సహించినా ఎలా నిలుస్తుంది? వారు తప్పుకోవడమే సబబు. మాలో ఏడు శాతం వాళ్ళు మాత్రం ఇప్పటికీ కలుస్తున్నారు. మీ ఐదుగురివీ ఒకే ఏడాది రుణాలు కనుక ఆ చిక్కు మీకు అంతగా లేదు, కానీ అంతకు మించిన ఖరీదైన అప్పు ఎవరికైనా ఉందేమో చూడండి. క్రెడిట్ కార్డు బాకీయో, వ్యక్తిగత రుణమో ఉంచుకుని, బృందంలో పరువు కోసం ఇంటి అప్పుకు కట్టడం నష్టం. పాత పన్ను విధానంలో ఉండి రెండు లక్షల వడ్డీ మినహాయింపు పొందుతున్నవారి లెక్క కూడా కొత్త విధానంలోకి మారినవారి లెక్కలా ఉండదు.

రావడం మానేసిన ఆ మిత్రుడి గురించి ఒక మాట. వీసా మీద ఉండి ఉద్యోగం పోయే భయంతో బతికే మాలాంటివారికి బాగా తెలిసిన విషయం, బ్యాంకుకు ఒకసారి కట్టేసిన డబ్బు అవసరానికి తిరిగి రాదు. కనీసం ఆరు నెలల వాయిదాలకు సరిపడా సొమ్ము చేతిలో లేనివారు అదనంగా కట్టకపోవడమే మంచిది. ఆ సొమ్ము కూడబెట్టుకోవడాన్ని కూడా మీ బృందం ఈ పనిలో భాగంగానే లెక్కించాలి. భారతదేశంలో ఓవర్‌డ్రాఫ్ట్ తరహా గృహరుణాలు ఉన్నాయి కదా, మిగులు అందులో ఉంచితే వడ్డీ తగ్గుతుంది, కావలసినప్పుడు తీసుకోవచ్చు. ఆయనకు అలాంటిదే సరిపోతుందేమో, అడిగి చూడండి.

నిజాంపేట వాసి

అందరికీ ధన్యవాదాలు. ఉపాధ్యాయిని గారు చెప్పిన రెండు వేల పద్ధతిని వచ్చే ఆదివారం మా వాళ్ళ ముందు పెడతాను. ఆసుపత్రి ఖర్చులో ఉన్న కుటుంబానికి ఆ రెండు వేలు కూడా కష్టమైతే వెయ్యికి దిగుదామని నా అభిప్రాయం. బాకీ అంకెలు చెప్పుకోవడం ఆపేసి, మిగిలిన వాయిదాల సంఖ్యను మూడు నెలలకొకసారి మాత్రమే చూసుకుంటాము. మానేసిన మిత్రుడి ఇంటికి నేనే వెళ్ళి మాట్లాడతాను, డబ్బు ప్రస్తావన లేకుండా. బ్యాంకు అధికారి గారిని ఒక్క విషయం అడగాలి. ఎనిమిది లక్షలు కట్టిన మిత్రుడు వచ్చే రెండేళ్ళలో మొత్తం తీర్చేసేలా ఉన్నారు. ఆయన తీర్చాక బృందంలో ఉండవలసిన అవసరం ఆయనకు ఏముంటుంది?

విశ్రాంత బ్యాంకు అధికారి, విజయవాడ

ఆయనకు అవసరం లేకపోవచ్చు, మీ నలుగురికి మాత్రం ఆయనతో పని ఉంటుంది. చివరి వాయిదా కట్టినంత మాత్రాన పని అయిపోదు. బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోవాలి, బ్యాంకు దగ్గరున్న అసలు డాక్యుమెంట్లను జాబితాతో సరిచూసుకుని విడిపించుకోవాలి, తనఖా రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దాన్ని రద్దు చేయించి, ఆ తర్వాత తీసిన ఈసీలో (ఆస్తి మీద ఉన్న తనఖాలు, లావాదేవీలు చూపే పత్రంలో) రద్దు నమోదైందో లేదో చూసుకోవాలి, క్రెడిట్ రిపోర్టులో ఖాతా మూసివేసినట్టు కనిపిస్తోందో లేదో గమనించాలి. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల లోపల డాక్యుమెంట్లు తిరిగి ఇవ్వాలని, తమ కారణంగా ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు పెట్టిన నియమం 2023 డిసెంబరు 1 నుంచి అమలులో ఉంది. మీ మిత్రుడు ఈ దారిలో ముందుగా వెళుతున్నారు కనుక, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో, దేనికి ఎంత సమయం పట్టిందో రాసి పెట్టమని ఆయనను ఇప్పుడే అడగండి. డాక్యుమెంట్లు తెచ్చుకోవడానికి వెళ్ళేటప్పుడు మీలో ఒకరు ఆయన వెంట వెళ్ళి రండి, తర్వాతి వంతు ఎవరిదో వారైతే మరీ మంచిది.