పాశ్చురెల్లా మల్టీప్లెక్స్ పీసీఆర్‌లో 760 బ్యాండ్ ఎందుకు రావట్లేదు?

గొంతువాపు (గురక వ్యాధి)తో చనిపోయిన గేదెల గుండె రక్తం నుంచి వేరుచేసిన 9 పాశ్చురెల్లా మల్టోసిడా (ఈ వ్యాధి తెచ్చే బ్యాక్టీరియా) ఐసొలేట్లకు మల్టీప్లెక్స్ పీసీఆర్‌తో (ఒకే గొట్టంలో పలు ప్రైమర్ జతలతో డీఎన్‌ఏ ముక్కలను పెంచే పరీక్ష) క్యాప్సూల్ టైపింగ్, అంటే బ్యాక్టీరియా పై పొర ఏ రకమో తేల్చడం, చేస్తున్నాం. జాతిని గుర్తించే కేఎంటీ1 బ్యాండ్ (460 బేస్ పెయిర్లు) అన్నిట్లోనూ బలంగా ఉంది. బీ రకానికి రావాల్సిన 760 మాత్రం 3 ఐసొలేట్లలో లేదు. ఏ (1044), డి (657), ఈ (511), ఎఫ్ (851) కూడా లేవు.

బ్లడ్ అగార్ మీది 2 కాలనీలను 100 మైక్రోలీటర్ల నీటిలో 10 నిమిషాలు మరిగించి, ఐసులో పెట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట 2 మైక్రోలీటర్లు వాడాం. రియాక్షన్ 25 మైక్రోలీటర్లు, ప్రతి ప్రైమర్ 0.4 మైక్రోమోలార్, మెగ్నీషియం 2 మిల్లీమోలార్, ఎనీలింగ్ 55 డిగ్రీలు, 30 సైకిళ్లు, 2 శాతం జెల్. పీ52 వ్యాక్సిన్ స్ట్రెయిన్‌లో రెండు బ్యాండ్లూ చక్కగా వచ్చాయి, కాబట్టి ప్రైమర్లు పాడైనట్టు లేదు.

బీ జతను ఒక్కదాన్నే వేస్తే ఆ మూడింట్లోనూ 760 దగ్గర పలచటి గీత పడుతోంది. కాలనీలు బాగా జిగటగా ఉన్నాయి. క్యాప్సూల్ పాలీసాకరైడ్ ట్యాక్‌ను (డీఎన్‌ఏను కాపీ చేసే ఎంజైమ్) అడ్డుకుంటోందా? అలాగైతే 460 అంత బలంగా ఎలా వస్తోంది? 6 జతల పోటీలో పొట్టి ముక్క గెలుస్తోందా? (సబ్‌కల్చర్ల వల్ల క్యాప్సూల్ పోయిందనుకున్నా, తయారీ ఆగినంత మాత్రాన జన్యువు పోనక్కర్లేదు.)

ముందుగా కేఎంటీ1 ప్రైమర్లను 0.1కి తగ్గించాలా, లేక కాలమ్ కిట్‌తో డీఎన్‌ఏ తీసి 1:10 పలచన చేయాలా? ఎంఎల్ఎస్‌టీకి (జన్యువుల వరుసను బట్టి స్ట్రెయిన్ రకం తేల్చే పద్ధతి) 7 జన్యువులూ పంపేలోపు ఒంటి కాలనీ మళ్లీ తీయడం తప్పనిసరా? గొంతువాపు స్ట్రెయిన్లలో తరచూ కనిపించే ఎస్‌టీ122 అనే ఎంఎల్ఎస్‌టీ రకంతో పోల్చాలి మరి.