తగరపు కారా, రేకు కారా?

ఒక అనువాదం దగ్గర ఆగిపోయానండీ. పాతకాలం 'టిన్ టాయ్స్' గురించిన వ్యాసం, కీ ఇస్తే పరిగెత్తే కార్లూ బస్సులూ. నేను 'తగరపు బొమ్మలు' అని రాశాను. చదివిన మా చెల్లి "ఇదేం తెలుగురా" అని ఒకటే నవ్వు. టిన్ అంటే తగరమే కదా, మరి తప్పెక్కడ?

కామెంట్:
మేం రేకు కారు అనేవాళ్లం. తిరనాళ్లలో కొన్న మర్నాడే దాని అంచు తగిలి వేలు తెగడం, అమ్మ దాన్ని అటక మీద పడెయ్యడం. తగరం అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా విన్లేదు.

కామెంట్:
చెల్లెలు గారే కరెక్టు. ఆ కారుకి అయస్కాంతం పెట్టి చూడండి, టక్కున అంటుకుంటుంది. ఉత్త తగరమైతే అంటుకోదు. అసలు సరుకు పల్చటి ఉక్కు రేకు, తుప్పు పట్టకుండా దానికి రెండు వైపులా సన్నగా తగరం పూత, అంతే. మన ఇత్తడి గిన్నెలకి కళాయి పూసేది కూడా తగరంతోనే, కాబట్టి అది కళాయి వేసిన ఇనుప రేకు అనుకోండి. ఇంగ్లీషువాళ్లు పూతని చూసి పేరు పెట్టారు, మనవాళ్లు రేకుని చూసి పెట్టారు. నన్నడిగితే మనదే నయం. జర్మన్లు కూడా ఈ బొమ్మల్ని రేకు అనే అర్థమున్న మాటతోనే పిలుస్తారు, ఒకప్పుడు న్యూరెంబర్గ్ నుంచి ప్రపంచమంతా వెళ్లింది వీళ్ల సరుకే. ఇదే రేకుకి డచ్చివాళ్లు అనే మాట 'బ్లిక్', అది జపాన్ వెళ్లి 'బురికి' అయింది.

ఇంకో సంగతి, రంగు కారు తయారయ్యాక వేసింది కాదు. రేకు పలకగా ఉన్నప్పుడే తలుపులు, కిటికీలు, డ్రైవరు మొహం, నంబరు ప్లేటు అన్నీ దాని మీద అచ్చేసేవాళ్లు. అప్పట్లో రంగుల అచ్చుకి బొమ్మని ముందు చదునైన రాయి మీద గీసేవాళ్లు. ఆ రాయి మీది బొమ్మని నేరుగా రేకు మీదికి ఒత్తితే సరిగా పడదు, రెండూ గట్టివే కదా, అందుకని మధ్యలో మెత్తటిది ఇంకొకటి పెట్టి అచ్చేసే యంత్రం 1875లో లండన్లో రాబర్ట్ బార్క్లే తెచ్చాడు. ఆ తర్వాతే అచ్చుదిమ్మెతో కోసి, ప్రెస్సులో ఒత్తి, అంచున ఉన్న చిన్న చిన్న నాలుకల్ని ఎదుటి ముక్కలోని గాట్లలో దూర్చి మడిచేవాళ్లు. పాత రేకు కారు ఉంటే తిరగేసి చూడండి, ఆ మడతలు కనిపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
అయితే డబ్బా రేకుతో కూడా చేయొచ్చన్నమాట?

కామెంట్:
చేశారుగా! 1945లో యుద్ధం అయిపోయాక జపాన్లో సరుకు లేదు. ఓత్సు అనే ఊళ్లో కొసుగె మత్సుజో, అమెరికా సైనికులు తిని పారేసిన డబ్బాల రేకుతో వాళ్ల జీపునే బొమ్మగా చేశాడు. ఆ డిసెంబర్లో క్యోటోలో పది యెన్లకి అమ్మారు. మనం పాత బండిని 'డబ్బా కారు' అని వెక్కిరిస్తామా, అది నిజంగానే డబ్బా కారు.

కామెంట్:
బొమ్మల సంగతి నాకు తెలీదు గానీ రేకు అనగానే తేలిగ్గా తీసెయ్యకండి మాస్టారూ. అన్నమయ్య కీర్తనలు చెక్కింది రాగి రేకుల మీదే, ఇప్పటికీ కీర్తనకి రేకు నంబరు వేస్తారు. పూరేకు ఉంది, ఆత్రేయపురం పూతరేకులు ఉన్నాయి. పల్చగా, పరుచుకున్నట్టు ఉంటే చాలు, లోహమే కానక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు:
సరే, రేకు బొమ్మలు అనే రాస్తున్నా, మా చెల్లికి చెప్పకండి. కానీ తర్వాతి పేరాలోనే 'ఫ్రిక్షన్ కారు' కూర్చుంది. వెనక్కి లాగి వదిలే కారు అంటే సరిపోతుందా?

కామెంట్:
సరిపోదు, అది స్ప్రింగుది. ఇది నేల మీద నాలుగైదు సార్లు ముందుకి రుద్ది వదిలేది, లోపల బరువైన చక్రం గిర్రున తిరుగుతూ లాక్కెళ్తుంది. రుద్ది వదిలే కారు అనండి.