నేను కొన్నది రైల్వే పార్సిల్‌లోంచి పోయిన సరుకని తేలింది. ఎలా అప్పగించాలి?

నాది ఎలక్ట్రికల్ షాపు. పది రోజుల కిందట ఒక బ్రోకర్ దగ్గర 14 పెట్టెల ఫ్యాన్లు కొన్నాను. బిల్లు తర్వాత పంపుతానన్నాడు, పంపలేదు. మొన్న ఒక పెట్టె విప్పుతుంటే, గీకేసిన లేబుల్ కింద రైల్వే పార్సిల్ మార్కు, సగం చెరిగిన నంబరు కనిపించాయి. సీరియల్ నంబర్లు డీలర్‌కి చెబితే ఆ లోడు దారిలోనే పోయిందన్నారు. అప్పటినుంచి ఒక్కటీ అమ్మలేదు. బ్రోకర్ ఫోన్ స్విచాఫ్. లోకల్ స్టేషన్‌కి వెళ్తే రైల్వే వాళ్లని కలవమన్నారు.

భారతీయ న్యాయ సంహిత 317 చదివాను. దొంగ సొత్తని తెలిశాక దురుద్దేశంతో దగ్గర ఉంచుకున్నా 3 ఏళ్ల వరకు జైలు పడొచ్చు. అసలు టెన్షన్ 1966 నాటి రైల్వే ఆస్తి చట్టంతోనే. రవాణా కోసం రైల్వే చేతిలో ఉన్న సరుకు కూడా దాని కిందికే వస్తుంది, మొదటిసారికే 5 ఏళ్ల వరకు శిక్ష. పైగా సక్రమంగానే కొన్నానని నేనే నిరూపించుకోవాలి. నా దగ్గర ఉన్నవి యూపీఐ చెల్లింపు రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, అంతే.

ఇలాంటి కేసులు చూసినవాళ్లు చెప్పండి: ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) పోస్టులో సరుకు అప్పగించేటప్పుడు నన్ను నిందితుడిగా కాకుండా సాక్షిగా చూడాలంటే రాతపూర్వకంగా ఏమేం ఇవ్వాలి?