పొగమంచులో నడిచే బండికి నాలుగు ఇండికేటర్లు వేయాలా, వద్దా?

కావలి_కారు: ధనుర్మాసం వచ్చింది. సింగరాయకొండ నుంచి కావలి దాకా తెల్లారుజామున మంచు దట్టంగా పడుతోంది. ముందు పోయే కార్లు సగం నాలుగు ఇండికేటర్లు కొట్టుకుంటూ పోతుండాయి. అది పద్ధతేనా? తెలిసినోళ్లు చెప్పండి.

పెన్నగట్టు_డ్రైవర్: వేయాల్సిందే. మన కార్లలో వెనక ఫాగ్ ల్యాంప్, అంటే మంచులో వెనకోళ్లకి కనపడేలా గట్టిగా వెలిగే ఎర్ర దీపం, ఉండేవి తక్కువ. టెయిల్ ల్యాంప్ బల్బు 5 వాట్లు, ఇండికేటర్ బల్బు 21 వాట్లు. 5 వాట్ల ఎరుపు మంచులో కనపడేసరికి వెనక లారీ మన డిక్కీ మీద ఉంటుంది. ఆరి వెలిగే లైటయితే ముందే కంట్లో పడుతుంది. ఇంతకు మించి లెక్కేముంది?

ఒంగోలు_ఎలక్ట్రికల్: వేయకూడదండి. నాలుగూ వెలుగుతుంటే చాలా కార్లలో కుడి ఎడమ ఇండికేటర్ పనిచేయదు. మీరు లేన్ మారుతున్నారో, సర్వీసు రోడ్డులోకి దిగుతున్నారో వెనకాయనకి తెలిసే దారి లేదు. ఇంకోటి, ఆ లైట్లకి అర్థం "బండి ఆగి ఉంది" అని. నడిచే కార్లన్నీ అవే వేసుకుంటే, చీమకుర్తి గ్రానైట్ లారీ మార్జిన్‌లో నిజంగా ఆగి లైట్లు వేసినప్పుడు అది కూడా కదులుతోందనే అనుకుంటారు. సగం దూరం వచ్చాక తెలుస్తుంది. అప్పుడు బ్రేకు చాలదు.

గూడూరు_బాబు: డిమ్‌లో పెట్టుకోని పోతే చాలు గదా అన్నా.

ఒంగోలు_ఎలక్ట్రికల్: డిమ్ తప్పనిసరి. హై బీమ్ వేస్తే వెలుతురు మంచు చుక్కలకి తగిలి మన కంట్లోకే తిరిగొస్తుంది, ఎదర తెల్లగోడే. ఇంకో మోసం ఉంది. లైట్ స్విచ్ ఆటోలో వదిలేస్తారు. తెల్లారాక మంచు తెల్లగా మెరుస్తుంటే సెన్సర్ పగలనుకుంటుంది, హెడ్‌లైట్ వెలగదు. ముందు డీఆర్ఎల్, అంటే పగలు దానంతటదే వెలిగే చిన్న లైటు, వెలుగుతుంది కాబట్టి లైటు ఉందనే అనుకుంటాం. వెనక మాత్రం చాలా కార్లలో ఒక్క దీపం ఉండదు. స్విచ్ చేత్తో తిప్పి హెడ్‌లైట్ వేయండి.

పెన్నగట్టు_డ్రైవర్: అన్నా, నేనన్నది ఒకటి, మీరు చెప్పేది ఒకటి. వెనక ఫాగ్ ల్యాంప్ లేని బండి వెనకోడికి ఎట్టా కనపడాలి? దానికి జవాబు చెప్పండి.

బుచ్చి_రోడ్డు: లైట్ల కంటే ముందు అద్దం చూసుకోండయ్యా. సగంమంది మంచనుకునేది అద్దం మీది చెమ్మ. మన పక్క గాల్లో తేమ ఎక్కువ, చలి తక్కువ. ఏసీ 18లో పెట్టి గాలి అద్దం మీదికి కొడితే అద్దం చల్లబడి బయటివైపు చెమ్మ పడుతుంది. వైపర్ ఒక్కసారి కొడితే పోయి, కాసేపట్లో మళ్లీ వస్తే అది బయటిదే. గాలి కాళ్ల వైపు మళ్లించి ఏసీ 25, 26కి పెంచండి. అట్టా కాకుండా లోపల వేలు పెట్టి గీస్తే గీత పడిందంటే అది లోపలి చెమ్మ. దానికి ఏసీ ఆన్‌లోనే ఉంచాలి, నాబ్ వేడి వైపు తిప్పాలి, రీసర్క్యులేషన్ (లోపలి గాలినే తిప్పడం) ఆపి బయటి గాలి తీసుకోవాలి, గాలి అద్దానికి కొట్టాలి. ఏసీ ఆపేసి ఒక్క హీటరే వేస్తే గాల్లో తేమ అట్టే ఉంటుంది. అద్దం లోపలివైపు జిడ్డు పొర ఉంటే చెమ్మ ఇంకా తొందరగా పడుతుంది. ముందురోజు రాత్రే తుడిచి పెట్టుకోండి.

గూడూరు_బాబు: ఇది పనికొచ్చే మాట.

పెన్నగట్టు_డ్రైవర్: అద్దం సంగతి తర్వాత. ఇండికేటర్ల సంగతి తేలనీండి.

ఒంగోలు_ఎలక్ట్రికల్: తేలేది స్పీడు దగ్గరండి, లైట్ల దగ్గర కాదు. మంచుకి రోడ్డు తడిసి ఉంటుంది. 80లో పోతూ ముందు బండి చూసి, కాలు బ్రేకు మీదికి పోయేలోపే 33 మీటర్లు పోతాం. ఆపైన తడి రోడ్డు మీద ఆగడానికి సుమారు 50. మొత్తం 83. 60లో అయితే 53, 40లో అయితే 30 లోపు. ఎదర 40 మీటర్లే కనపడుతుంటే 40కి మించి పోకూడదు. ఎడమ అంచున తెల్లగీత పట్టుకోండి. లారీ టెయిల్ ల్యాంప్ పట్టుకోని పోకండి, ఆయన మార్జిన్‌లో ఆపితే మనమూ మార్జిన్‌లోకే పోతాం.

పెన్నగట్టు_డ్రైవర్: 40లో పోతే వెనక నుంచి స్లీపర్ బస్సు కొట్టేస్తుంది. అందుకే గదా ఇండికేటర్లు వేసేది! షాపులో కూర్చోని లెక్కలు చెప్పడం తేలిక. నెల్లూరు నుంచి నాయుడుపేట 70 కిలోమీటర్లు. 80లో 50 నిమిషాల పని, 40లో గంటా ముప్పావు. ఆ గంట ఎవురిస్తారు? పార్టీకి చెన్నైలో విమానం తప్పితే కిరాయి కోస్తారు, ఓనరు నా బత్తా కోస్తాడు. 2 గంటలకి బయల్దేరదామంటే పార్టీ నిద్ర పాడవుతుందంట, 4కి రమ్మంటారు. మంచు దట్టంగా ఉండేదే ఆ టైములో.

ఒంగోలు_ఎలక్ట్రికల్: అయితే మీరు లైట్లేసేది స్పీడు తగ్గించలేకే. ఆ మాట ముందే చెప్పాల్సింది.

పెన్నగట్టు_డ్రైవర్: తగ్గించనీయరు కాబట్టి!

నెల్లూరు_ట్రావెల్స్: ఓనర్ని అనేముందు మా బాధ కూడా వినండి. ముందురోజు రాత్రే పొమ్మంటే రూము ఖర్చు, రాత్రి బత్తా ఎవరు పెట్టుకుంటారు? పార్టీ ఒప్పుకోరు. పక్క ట్రావెల్స్ వాళ్లు 4కే వస్తామని బేరం పట్టుకుపోతారు.

కావలి_కారు: అంటే గొడవ ఇండికేటర్లది కాదు, పొద్దున 4 గంటలది.

బుచ్చి_రోడ్డు: అదే. డిసెంబరు, జనవరిలో వానలు తగ్గి ఆకాశం తేటపడి, గాలి ఆగిన రాత్రి మంచు ఖాయం. వరిమళ్లు, చెరువులు, రొయ్యల గుంటలు ఉన్నకాడ ఇంకా దట్టం. 3 నుంచి 8 వరకు రోడ్డు మీద లేకుండా చూసుకోవాల. బుకింగ్ తీసుకునేటప్పుడే ఓనరు ఫోన్లో చెప్పాల్సిన మాటది. అర్ధరాత్రికి ముందే బయల్దేరతామని, లేదంటే ప్రయాణం టైముకి ముందే ఒక గంట కలుపుతామని. డ్రైవరు రోడ్డెక్కాక చెప్పుకునేది కాదు. ఆ గంటకి బత్తా కొయ్యకూడదు.

నెల్లూరు_ట్రావెల్స్: గంట కలపడం నా చేతిలో ఉంది, ఈ నెల నుంచి కలుపుతా. ఆ గంటకి బత్తా కొయ్యను. రాత్రి రూము మాత్రం పార్టీ మీదే.

గూడూరు_బాబు: మరీ కనపడకపోతే మార్జిన్‌లో ఆపేద్దామా?

ఒంగోలు_ఎలక్ట్రికల్: వద్దండి. టోల్ ప్లాజా, పెట్రోలు బంకు, లారీలు ఆపే లే-బై, ఏది ముందొస్తే దాంట్లోకి. వెంకటాచలం, ముసునూరు, టంగుటూరు టోల్ దగ్గర వెలుతురుంటుంది. బండి చెడి ఆగిపోతే మాత్రం ఎంత ఎడమకి పోగలిగితే అంత పోయి, నాలుగు ఇండికేటర్లు అప్పుడు వేయండి. అందరూ ఎడమ తలుపులోంచి దిగి రెయిలింగ్ అవతల నిలబడాలి, బండిలో కూర్చోకూడదు. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి.

పెన్నగట్టు_డ్రైవర్: నా మొదటి ప్రశ్న ఇంకా అట్టే ఉంది. వెనక ఫాగ్ ల్యాంప్ లేదు.

ఒంగోలు_ఎలక్ట్రికల్: వేయించుకోండి. ఎర్ర గ్లాసు, 21 వాట్ల బల్బు, ఒకటి చాలు, డ్రైవరు వైపు. బ్రేకు లైటుకి కనీసం 10 సెంటీమీటర్ల ఎడం ఉండాలి, లేకపోతే బ్రేకు కొట్టింది తెలియదు. టెయిల్ ల్యాంప్ వైరుకి అతికించొద్దు, కొత్త బండ్లలో కంట్రోల్ బాక్సు గొడవ చేస్తుంది. నాలుగు పిన్నుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పెట్టి, 5 ఆంపియర్ల ఫ్యూజుతో బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవాలి. రిలే హెడ్‌లైట్ వేస్తేనే పనిచేసేలా కలపాలి. డాష్‌బోర్డు మీద చిన్న దీపం పెట్టించండి, మంచు విడిచాక ఆపడం మర్చిపోతే వెనకోళ్ల కళ్లు చెదురుతాయి.

పెన్నగట్టు_డ్రైవర్: వేయిస్తా. అది పెట్టించేదాకా ఇండికేటర్లు ఆపను.

ఒంగోలు_ఎలక్ట్రికల్: ఆపకపోయినా, లేన్ మారే ముందు ఆ నాలుగూ ఆపి, మారే వైపు ఇండికేటర్ వేయండి. మారాక మళ్లీ వేసుకోండి. దానికైనా ఒప్పుకోండి.

పెన్నగట్టు_డ్రైవర్: దానికి సరే.