పీకీ బ్లైండర్స్ ఆరో సీజన్ చూడొచ్చా?

ఈ బ్రిటిష్ గ్యాంగ్‌స్టర్ సిరీస్‌లో ఐదో సీజన్ చూడటం ఇప్పుడే అయిపోయింది. గ్యాంగ్ నాయకుడు టామీ పొగమంచులో తలకి పిస్తోలు పెట్టుకుని అరిచే సీన్ దగ్గర ఆపేశారు, ఇంకా టెన్షన్‌గానే ఉంది. అయినా ఆరోది మొదలుపెట్టడానికి మనసు రావడం లేదు. పాలీ అత్తగా వేసిన హెలెన్ మెక్‌రోరీ 2021లో చనిపోయారు కదా. నా దృష్టిలో ఈ సిరీస్‌కి అసలు బలం ఆవిడే. మగాళ్లంతా మొదటి ప్రపంచయుద్ధానికి పోతే బర్మింగ్‌హామ్‌లో ఆ పందేల దందా నడిపింది పాలీయే. టామీని ఎదురుగా నిలబెట్టి కడిగేయగల మనిషి ఇంకెవరున్నారు ఆ ఇంట్లో? (వాళ్ల అన్న ఆర్థర్ వల్ల అయ్యే పని కాదు.)

ఆవిడ లేని లోటు బాగా తెలుస్తుందా? ఫాసిస్టు నాయకుడు మోస్లీ కథని సరిగ్గా ముగించారా, సాగదీశారా? చూసినవాళ్లు సస్పెన్స్ చెడగొట్టకుండా చెప్పండి. అన్నట్టు, ఆ బర్మింగ్‌హామ్ యాస సబ్‌టైటిల్స్ లేకుండా మీలో ఎవరికైనా అర్థమైందా?