చిన్న టూల్‌రూమ్‌కు ఫ్రీక్యాడ్ సరిపోతుందా?

పీణ్య_టూల్‌రూమ్:
బెంగళూరు పీణ్యలో మాది జిగ్గులు, ఫిక్స్చర్లు (యంత్రం మీద పనిముక్కను కదలకుండా పట్టి ఉంచే సాధనాలు) చేసే చిన్న యూనిట్. ఒకసారి కొంటే ఎప్పటికీ మనదే అన్న పద్ధతి పోయి, కంప్యూటర్‌లో డిజైన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్లకు ఇప్పుడు ఏటేటా సబ్‌స్క్రిప్షన్ కట్టవలసి వస్తోంది. ఆటోక్యాడ్ చేసే ఆటోడెస్క్ అయితే కొత్త శాశ్వత లైసెన్సుల అమ్మకాన్ని 2016లోనే ఆపేసింది. కట్టలేనివారు దొంగ కాపీలతో నెట్టుకొస్తారన్న సంగతి ఎవరికీ తెలియనిది కాదు, నాకు ఆ దారి వద్దు. పని ఆగకుండా, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ క్యాడ్ అయిన ఫ్రీక్యాడ్‌కు మారగలమా?

స్వేచ్ఛా_సాధనం:
నిస్సందేహంగా మారవచ్చు. ఫ్రీక్యాడ్ మీద ఇప్పటికీ వినిపించే ఫిర్యాదుల్లో చాలా భాగం 2024 నవంబరులో వచ్చిన 1.0 వెర్షన్‌కు ముందరివి. అప్పటి అసలు జబ్బు ఇది: బేస్ ప్లేటు పైముఖం మీద స్కెచ్ గీసి డోవెల్ పిన్నులకు (భాగాలను సరైన చోట నిలిపే పిన్నులకు) రంధ్రాలు పెట్టాక, వెనక్కి వెళ్లి అదే ప్లేటుకు ఒక గాడి చేరిస్తే, ముఖాల వరుస సంఖ్యలు మారిపోయి, ఆరో ముఖం అనుకున్నది వేరొకటై, రంధ్రాలు ఎక్కడికో ఎగిరిపోయేవి. 1.0లో దానిని చాలావరకు అదుపు చేశారు, భాగాలను ఒకచోట కూర్చే అసెంబ్లీ వర్క్‌బెంచ్‌ను (ఆ పనికి కావలసిన టూల్స్ విభాగాన్ని) కూడా అందులోనే చేర్చారు. ఎల్‌జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు గనుక ఎన్ని కంప్యూటర్లలో పెట్టుకున్నా, వ్యాపారానికి వాడుకున్నా అడిగేవారు లేరు.

బొమ్మసంద్ర_డిజైనర్:
ఆ "చాలావరకు" అన్న మాట దగ్గరే ఆగాలి. ఫ్రీక్యాడ్‌కు ఆధారమైన ఓపెన్ క్యాస్కేడ్ కెర్నెల్ (ఆకృతులను లెక్కగట్టే లోపలి భాగం), కొనుక్కునే క్యాడ్ అయిన సాలిడ్‌వర్క్స్ వాడే పారాసాలిడ్ కెర్నెల్ అంత గట్టిది కాదు. ఫిల్లెట్ (అంచుకు ఇచ్చే గుండ్రటి మలుపు) వ్యాసార్ధం పక్క అంచు పొడవుకు సరిగ్గా సమానమైతే చాలు, తరచూ చేతులెత్తేస్తుంది. అంచును ఒక వెంట్రుకవాసి పెంచి గట్టెక్కవచ్చు గానీ, రేపే డ్రాయింగ్ ఇవ్వాలన్నప్పుడు ఆ తిప్పలు ఎవరు పడతారు?

అంతకన్నా పెద్ద చిక్కు కస్టమరుది. వేర్వేరు క్యాడ్‌ల మధ్య మోడళ్లు పంపుకునే స్టెప్ ఫైలు మనం పంపితే ఆకృతి చేరుతుంది గానీ, దానిని ఏ స్కెచ్‌తో, ఏ క్రమంలో కట్టామో ఆ ఫీచర్ ట్రీ మొత్తం దారిలోనే రాలిపోతుంది. రివిజన్ వచ్చినప్పుడు అవతలి ఇంజినీరుకు మిగిలేది కొలతలు మార్చడానికి వీలుపడని ముద్ద. అందుకే పెద్ద కంపెనీలు నేటివ్ ఫైలే, అంటే తాము వాడే సాఫ్ట్‌వేర్ సొంత ఫార్మాట్‌లోని ఫైలే అడుగుతాయి. మీ ఫ్రీక్యాడ్ ఎంత బాగున్నా ఆ ఆర్డరు మీకు రాదు.

స్వేచ్ఛా_సాధనం:
అది సాఫ్ట్‌వేర్ లోపం కాదు, మూసి ఉంచిన ఫార్మాట్ల లోపం. కొన్న సాఫ్ట్‌వేర్ల మధ్య స్టెప్‌తో పంపుకున్నా ట్రీ అలాగే పోతుంది కదా!

బొమ్మసంద్ర_డిజైనర్:
లోపం ఎవరిదైనా నష్టపోయేది పీణ్య వారే.

రాజాజీనగర్_ప్రెస్‌టూల్:
ఇద్దరూ కస్టమర్లందరినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఫిక్స్చర్ కొనేవారికి కావలసింది బల్ల మీద నిలబడి పనిముక్కను కదలనివ్వని ఇనుము, దానితోపాటు ఒక పీడీఎఫ్ డ్రాయింగ్. మోడల్ అడిగేవారు తక్కువే. మోడల్‌నే సరుకుగా అమ్మే డిజైన్ సేవల సంస్థ సంగతి వేరు, అక్కడ బొమ్మసంద్ర వారు చెప్పినదే నిజం. కాకపోతే పాత 2డీ డ్రాయింగులు ఆటోక్యాడ్ వాడే డీడబ్ల్యూజీ ఫార్మాట్‌లో ఉంటే ఫ్రీక్యాడ్ వాటిని నేరుగా తెరవదు, విడిగా ఒక కన్వర్టర్ పెట్టుకోవాలి. వేరే సాఫ్ట్‌వేర్లూ చదవగల డీఎక్స్ఎఫ్ ఫార్మాట్‌లోకి మార్చి ఉంచుకుంటే, ఉచిత 2డీ క్యాడ్ అయిన లిబ్రేక్యాడ్‌తోనూ గడిచిపోతుంది.

సర్క్యూట్ బోర్డుల రంగంలో కీక్యాడ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు సెర్న్ (ఐరోపా కణభౌతిక పరిశోధన సంస్థ) వంటి సంస్థ అండ దొరికింది. యంత్ర భాగాల క్యాడ్‌కు అంతటి పెద్ద దిక్కు ఇంకా దొరకలేదన్నది నా బాధ.

పీణ్య_టూల్‌రూమ్:
మా పుస్తకం తిరగేస్తే, నేటివ్ ఫైలు అడిగే కస్టమరు ఒక్కరే ఉన్నారు. ఆ ఒక్కరి కోసం ఒక లైసెన్సు ఉంచి, మిగిలిన కంప్యూటర్లలో కొత్త ఫిక్స్చర్లను మాత్రమే ఫ్రీక్యాడ్‌లో మొదలుపెడతాను. నడుస్తున్న పాత మోడళ్ల జోలికి వెళ్లను. ఫ్రీక్యాడ్‌లో డ్రాయింగులు తయారుచేసే టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌లో జ్యామితీయ టాలరెన్సు గడులను (ఆకారం, స్థానం ఎంత మేర తప్పవచ్చో తెలిపే గడులను) రోజూ పెడుతున్నవారు ఎవరైనా ఉంటే, ఎలా పెడుతున్నారో రాయండి.