వీఎం తెరిస్తే చాలు, ఎన్విడియా కార్డు మేలుకుని బ్యాటరీ తాగేస్తోంది

ప్రశ్న | గవాక్షం_11

విండోస్ 11 ల్యాప్‌టాప్. ఇంటెల్ గ్రాఫిక్స్, ఎన్విడియా కార్డు రెండూ ఉన్నాయి. బ్యాటరీ 56 వాట్-అవర్. బ్రౌజర్, టెర్మినల్ మాత్రమే నడుస్తుంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే కొలత ప్రోగ్రాంలో బ్యాటరీ ఖర్చు (డిశ్చార్జ్) 8 వాట్ల దగ్గర ఉంటుంది, అంటే ఏడు గంటలు. వీఎంలో (వర్చువల్ మెషీన్, అంటే ల్యాప్‌టాప్ లోపల నడిచే మరో కంప్యూటర్) ఉబుంటు లినక్స్ బూట్ చేసి ఊరికే వదిలేసినా 16కి ఎక్కుతుంది. ఇక మూడున్నర గంటలే. గెస్ట్‌లో (వీఎం లోపలి ఉబుంటులో) సీపీయూ వాడకం 1-2 శాతం దాటదు. వీఎం మూసేస్తే మళ్లీ 8. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో వీఎం ప్రోగ్రాంకి ఇంటిగ్రేటెడ్ అని పెట్టినా మార్పు లేదు. వీఎం తెరని గ్రాఫిక్స్ కార్డుతో గీయించే 3డి యాక్సిలరేషన్ తీసేయడం తప్ప దారి లేదా?

జవాబు | వాట్‌లెక్క

ముందు కార్డుని లేపుతున్నది ఎవరో చూడండి. టాస్క్ మేనేజర్‌లో డీటెయిల్స్ ట్యాబ్, కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్, సెలెక్ట్ కాలమ్స్, అందులో జీపీయూ ఇంజిన్ (జీపీయూ అంటే గ్రాఫిక్స్ చిప్) టిక్ చేయండి. వీఎం వరసలో జీపీయూ 1 అని కనిపిస్తే (పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో ఏ నంబరు ఏ కార్డో చూసుకోండి), దొంగ దొరికినట్టే. గెస్ట్‌లో ఏ పనీ లేకపోయినా 3డి కాంటెక్స్ట్ (కార్డుతో గీయించుకోవడానికి పెట్టుకున్న సెషన్) తెరిచి ఉన్నంతసేపు కార్డు నిద్రపోదు. వాడకం సున్నా శాతం చూపిస్తూనే వాట్లు పోతుంటాయి.

కంట్రోల్ ప్యానెల్ పని చేయకపోవడం మామూలే. ఇప్పుడు ఏ ప్రోగ్రాం ఏ జీపీయూకి అన్నది విండోసే నిర్ణయిస్తుంది. సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కి వెళ్లి ప్రోగ్రాంని జోడించి పవర్ సేవింగ్ ఎంచుకోవాలి.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే: మెనూలూ లిస్టూ చూపించే ప్రోగ్రాంని జోడిస్తారు. గెస్ట్ తెరని గీసేది అది కాదు. వీఎంవేర్ వర్క్‌స్టేషన్‌లో ఆ పని వీఎంవేర్-వీఎంఎక్స్ డాట్ ఈఎక్స్‌ఈది. ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోని ఎక్స్64 సబ్‌ఫోల్డర్‌లో ఉంటుంది. వర్చువల్‌బాక్స్ 6.0 నుంచి వర్చువల్‌బాక్స్‌వీఎం డాట్ ఈఎక్స్‌ఈ. మార్చాక గెస్ట్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ తెరవండి. జీపీయూ ఎంపిక ప్రాసెస్ మొదలయ్యేటప్పుడే జరుగుతుంది.

జవాబు | పిక్సెల్‌పని

3డి తీసేయడానికి తొందరపడకండి. ఉబుంటు డెస్క్‌టాప్ గ్నోమ్. 3డి దొరక్కపోతే తెరని సీపీయూతోనే గీస్తుంది. గెస్ట్ సెట్టింగ్స్‌లో అబౌట్ పేజీలో గ్రాఫిక్స్ ఎదురుగా ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే జరుగుతున్నది అదే. ఎస్‌వీజీఏ3డీ అని ఉంటే హోస్ట్ (వీఎంని నడిపే అసలు ల్యాప్‌టాప్) జీపీయూ వాడుతోందని. మొదటి స్థితిలో విండో లాగినా, వీడియో ఆడినా సీపీయూ ఎగబడుతుంది. ఎన్విడియా దగ్గర మిగిల్చింది ఇంటెల్ దగ్గర పోగొట్టుకున్నట్టు. 3డి ఉంచి దాన్ని ఇంటెల్ వైపు తిప్పడమే నా ఓటు.

తీసేయాల్సిందే అయితే గెస్ట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ లాంటి తేలిక డెస్క్‌టాప్ పెట్టుకోండి. టెర్మినల్ పనే అయితే అసలు తెర ఎందుకు? వర్చువల్‌బాక్స్‌లో హెడ్‌లెస్ స్టార్ట్ ఇచ్చి ఎస్ఎస్‌హెచ్‌తో (టెర్మినల్ నుంచే మరో కంప్యూటర్‌కి కలిసే దారి) లోపలికి వెళ్లండి.

ప్రశ్న అడిగినవారు | గవాక్షం_11

వాట్‌లెక్క గారూ, నేను పెట్టింది లిస్టు చూపించే ప్రోగ్రాంకే! అసలు ప్రాసెస్‌ని జోడించాక 9.5 వాట్ల దగ్గర నిలబడింది. అబౌట్‌లో ఎస్‌వీజీఏ3డీ అనే ఉంది. కానీ హెచ్‌డీఎంఐకి మానిటర్ తగిలిస్తే మళ్లీ 16. వీఎం మూసినా తగ్గట్లేదు.

జవాబు | వాట్‌లెక్క

అది వీఎం తప్పు కాదండి. చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఎన్విడియాకే కలిపి ఉంటుంది. ఆ తెర వెలుగుతున్నంతసేపు కార్డు మేలుకునే ఉండాలి, ఏ సెట్టింగూ దీన్ని మార్చలేదు. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో ఫిజిఎక్స్ పేజీ తెరిస్తే ఏ తెర ఏ జీపీయూకి కలిసిందో బొమ్మలో కనిపిస్తుంది. యూఎస్‌బీ-సీ పోర్టు ఇంటెల్ కింద ఉంటే మానిటర్‌ని దానికి మార్చండి.

జవాబు | టక్స్‌పక్షం

హోస్ట్ లినక్స్ అయినవాళ్లకి ఒక మాట. కార్డు పడుకుందా లేదా అని ఎన్విడియా-ఎస్ఎంఐ (కార్డు స్థితి చూపే కమాండ్) కొట్టి చూడకండి, ఆ కమాండే దాన్ని లేపుతుంది. పడుకున్నవాణ్ణి తట్టి ‘నిద్రపోయావా?’ అని అడిగినట్టు. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (లినక్స్ పరికరాల వివరాలు చూపే /sys ఫోల్డర్) కార్డు పీసీఐ ఫోల్డర్ కింద పవర్ అనే ఫోల్డర్‌లో రన్‌టైమ్_స్టేటస్ ఫైల్ చదవండి. సస్పెండెడ్ అంటే నిద్ర, యాక్టివ్ అంటే మెలకువ. వీఎం ఆపిన కొన్ని సెకన్లకి సస్పెండెడ్‌కి రావాలి. రాకపోతే కార్డు ఏ తరానిదో చూడండి: ఎన్విడియా సొంత డ్రైవర్‌తో ఇలా పూర్తిగా ఆరిపోవడం ట్యూరింగ్, ఆ తర్వాతి కార్డుల్లోనే ఉంది.